కాలవ దారిలో మందిరాలూ, మండువా లోగిళ్ళూ



కడియం వెళ్ళొచ్చామని ఎవరైనా అంటే మనం వెంటనే అడిగే ప్రశ్న ఒకటే: "ఏం మొక్కలు తెచ్చుకున్నారండీ?" కడియపులంక రోడ్డుకు రెండు పక్కలా కనుచూపు మేర నర్సరీలే కదా! హైదరాబాదు నుంచీ విశాఖపట్నం నుంచీ కార్లలో వచ్చినవాళ్ళు గులాబీ అంట్లూ, మామిడి అంట్లూ, క్రోటన్లూ వెనక సీట్లో సర్దుకుని, దోవలో ఓ డబ్బా పూతరేకులు కొనుక్కుని ఇంటిదారి పడతారు. అది మంచి పనే. కానీ అంత దూరం వచ్చినవాళ్ళు ఇంకో మూడు రోజులు వీలు చేసుకుంటే, ఆ నర్సరీలకు నీళ్ళిచ్చే కాలవ వెంటే ఒక చరిత్ర అంతా కళ్ళారా చూసి రావచ్చు.

గోదావరి అంటే మనకు గుళ్ళు గుర్తొస్తాయి. ద్రాక్షారామం, కోటిపల్లి, ర్యాలి, అంతర్వేది. వాటి గురించి చెప్పేవాళ్ళు చాలామంది వున్నారు. నేనివాళ చెప్పబోయేవి రెండు రకాల కట్టడాలు. ఒకటి, ఈ జిల్లాల్లో దొరలూ, మిషనరీలూ, సంస్కర్తలూ కట్టుకున్న ప్రార్థన మందిరాలు. రెండోది, మన రైతులూ జమీందార్లూ కట్టుకున్న మండువా లోగిళ్ళూ, కోటలూ. ఈ రెండింటికీ ఏమిటి సంబంధం అంటారేమో. వీటిలో చాలా భాగాన్ని కట్టించింది నీరే. ధవళేశ్వరం దగ్గర గోదావరికి అడ్డుకట్ట పడి, కాలవలు పారి, వరి పండి, చేతిలో నాలుగు డబ్బులు ఆడిన తరవాతే ఇవి లేచాయి. అంతే కాదు, వీటి లోపల బతికిన ఆడవాళ్ళ కథలు కూడా ఒకదాన్నొకటి అంటుకునే వున్నాయి.

మొదటి రోజు ధవళేశ్వరంతో మొదలుపెట్టండి. కడియం నుంచి కాలవ గట్టున వెళితే ఎంతోసేపు పట్టదు. ఇప్పుడు మనం చూసే పెద్ద బ్యారేజీ 1982 నాటికి పూర్తయింది. దానికి ముందు వున్న పాత ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు పాయలకూ నాలుగు కట్టలు. కట్టించింది ఆర్థర్ కాటన్ దొర అని చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. గోదావరిలో స్నానం చేస్తూ ఆయన పేరు తలుచుకునే పెద్దలు కూడా ఈ ప్రాంతంలో వుండేవారు. దొర పక్కనే నిలబడి పనివాళ్ళను కూడగట్టి, పని నడిపించిన వీణం వీరన్న గారి పేరు మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఆయన తెలుగువాడు. ఈసారి వెళ్ళినప్పుడు మీ పిల్లలకు ఆ పేరు కూడా చెప్పండి.

ఆనకట్టకు ముందు ఈ సీమ ఎట్లా వుండేదో తెలిస్తే గానీ తరవాతి సంగతి అర్థం కాదు. నది పక్కనే వున్నా పొలానికి నీరు లేదు. 1832-33లో నందన కరువు వచ్చింది. 1839 నవంబరులో కోరంగి మీద పెను తుఫాను పడి, సముద్రం ఊళ్ళ మీదికి వచ్చింది. అప్పటి రాజమండ్రి జిల్లాలో 1821లో 7 లక్షల 38 వేల మంది జనం వుంటే, 1841 నాటికి 5 లక్షల 61 వేలే మిగిలారు. ఇరవై ఏళ్ళలో నలుగురిలో ఒకరు లేకుండా పోయారన్నమాట. కొందరు చచ్చిపోయారు, కొందరు పొట్ట చేతబట్టుకుని వెళ్ళిపోయారు. అటువంటి రోజుల్లో వేలమంది మగవాళ్ళూ ఆడవాళ్ళూ కొండ రాయి మోసి, సున్నం మోసి ఆ కట్ట వేశారు. తట్ట నెత్తిన పెట్టుకున్న ఆ ఆడకూలీల పేర్లు ఏ శిలాఫలకం మీదా వుండవు. ఈ ప్రయాణంలో మొదటగా తలుచుకోవలసింది వాళ్ళనే.

ధవళేశ్వరంలో 1988లో తెరిచిన కాటన్ మ్యూజియం చూడండి. ఆ కాలపు పనిముట్లూ, ఆనకట్ట నమూనాలూ చూస్తే పిల్లలకు పాఠం బాగా వంటబడుతుంది. కాటన్ గురించి ఒక చక్కని సంగతి కూడా చెప్పాలి. ఆయన 1899లో పోతే, మరుసటి ఏడాదే, అంటే 1900లో, ఆయన జీవిత చరిత్ర వెలువడింది. రాసింది ఆయన కూతురు ఎలిజబెత్, పెళ్ళయ్యాక లేడీ హోప్. కొలతలూ లెక్కలూ సర్కారు కాగితాల్లో ఎలాగూ వుంటాయి. తండ్రి మనిషిగా ఎలాంటివాడో, ఏ మాట ఎప్పుడన్నాడో గుర్తు పెట్టుకుని పుస్తకంలో పెట్టింది ఆ కూతురే. ఈ మాట కాస్త మనసులో వుంచుకోండి.

ఇప్పుడు లోగిళ్ళ దగ్గరికి వద్దాం. కడియం, మండపేట, రామచంద్రపురం చుట్టుపక్కల ఊళ్ళలో తిరిగితే, డాబాల మధ్య అక్కడక్కడా ఎర్ర పెంకుల కప్పు, ముందు పొడుగాటి అరుగులు, నగిషీ చెక్కిన టేకు గుమ్మం కనిపిస్తాయి. అదే మండువా లోగిలి. గుమ్మం దాటితే సావిడి. సావిడి దాటితే నాలుగు వైపులా వసారాలు, నడుమ ఆకాశం. నాలుగు కప్పులూ లోపలి వైపుకే వాలి వుంటాయి. వాన కురిస్తే నీళ్ళన్నీ మండువాలో పడి తూము గుండా బయటికి పోతాయి. కావలసినవాళ్ళు గంగాళాలు పెట్టి పట్టుకునేవారు. ఎండాకాలంలో లోపలి వేడిగాలి ఆ నడిమి ఖాళీలోంచి పైకి పోతుంది, వీధి గుమ్మం నుంచీ పెరటి గుమ్మం నుంచీ చల్లగాలి లోపలికి లాగుతుంది. కరెంటు పంకాల ఊసు లేని రోజుల్లో రోహిణి కార్తెను దాటించింది ఈ ఏర్పాటే.

గోడలు మూరెడు పైచిలుకు మందం. ఎద్దుల గానుగలో సున్నం, ఇసుక కలిపి రోజుల తరబడి ఆడించేవారు. అందులో బెల్లం నీళ్ళూ, కరక్కాయ రసమూ పోసేవారు. గచ్చు ఆరాక నునుపు రాయితో రుద్ది రుద్ది అద్దంలా చేసేవారు. ఆ రుద్దే పని తరచు ఆడవాళ్ళదే. స్తంభాలకూ దూలాలకూ టేకు గోదావరి మీద తెప్పలుగా పైనుంచి వచ్చేది. కాస్త కలిగినవాళ్ళు బర్మా టేకు తెప్పించేవారు. ఆ రోజుల్లో కాకినాడ, కోరంగి రేవుల నుంచి మనవాళ్ళు కూలికీ వ్యాపారానికీ రంగం, అంటే రంగూను వెళ్ళేవారు. కోరంగి పేరు మీదే బర్మాలో తెలుగువాళ్ళందరినీ 'కోరంగీలు' అనేవారు. మరి కప్పు మీది పెంకు? మొదట్లో కుమ్మరి చేసిన గూన పెంకు. తరవాత బంగళా పెంకు. ఈ రెండో రకం పెంకును మన దేశంలో 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు తయారు చేయించడం మొదలుపెట్టారు. క్రమంగా రాజమండ్రి చుట్టుపక్కలే పెంకుల ఫ్యాక్టరీలు వచ్చాయి. చూడండి, మిషన్ వాళ్ళ కార్ఖానాలో పుట్టిన పెంకు ఆచారవంతుల లోగిలి మీదికీ ఎక్కింది, చర్చి మీదికీ ఎక్కింది. కప్పుకు మతం పట్టింపు లేకపోయింది.

మనుషులకు మాత్రం వుండేది. లోగిలిని చూసేటప్పుడు నగిషీలతో పాటు గడపల్ని కూడా లెక్కపెట్టండి. అరుగు వరకు ఎవరు, సావిడి వరకు ఎవరు, మండువాలోకి ఎవరు అని ప్రతి గడపకూ ఒక చట్టం. ఆ ఇంటి పొలం దున్నినవాడూ, నాట్లు వేసిన ఆవిడా వీధిలోనే నిలబడాలి, లేదా దొడ్డిదారిన రావాలి. ఇంటి ఆడవాళ్ళ చట్టం మరో తీరు. ముందు సగం మగవాళ్ళది, వెనక సగం వాళ్ళది. తెల్లవారుజామున పెరటి నూతి దగ్గర మొదలైన పెద్ద కోడలు రాత్రి ఆఖరి విస్తరి ఎత్తేదాకా ఆ వంటిల్లూ, ఆ వసారా, ఆ గాదెల గదీ మధ్యే తిరిగేది. పుట్టింటికి వెళ్ళేటప్పుడు తప్ప వీధి గుమ్మం దాటనివాళ్ళు ఎందరో! ఒక ఊళ్ళో అటువంటి ఇల్లు చూడబోతే, తొంభైకి దగ్గర పడ్డ మామ్మగారొకరు నాతో, "అమ్మాయ్, ఈ ఇంటికి పదహారు స్తంభాలంటారు. పదిహేడో స్తంభాన్ని నేను" అన్నారు నవ్వుతూ. ఆ నవ్వు చూసి నాకు నవ్వు రాలేదు.

మొదటి రోజు సాయంత్రానికి రాజమండ్రి చేరండి. ఇక్కడ క్రైస్తవ మిషన్ 1845లో జర్మనీ వాళ్ళతో మొదలై, కొన్నేళ్ళకు అమెరికా లూథరన్ల చేతికి వచ్చింది. మధ్యలో ఈ కేంద్రం చేయి జారిపోయే పరిస్థితి వస్తే, అప్పటికి మన దేశం వదిలి వెళ్ళిపోయిన ఫాదర్ హేయర్ 1869లో, డెబ్బై ఆరేళ్ళ వయసులో, మళ్ళీ ఓడెక్కి వచ్చి నిలబెట్టారు. ఊళ్ళో లూథరన్ చర్చీలూ, బడులూ చూసినప్పుడు ఆ ముసలాయన పట్టుదల గుర్తు చేసుకోవచ్చు.

కానీ రాజమండ్రిలో ఆడవాళ్ళు తప్పకుండా చూడవలసింది కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇల్లు. ఆయన 1887లో ఈ ఊళ్ళో బ్రహ్మసమాజ మందిరం కూడా కట్టించారు. విగ్రహం లేదు, అర్చకుడు లేడు, నలుగురూ కూర్చుని ప్రార్థన చేసుకునే చోటు. ఊరి మధ్యలో ఆ మందిరం ఎంత అలజడి లేపిందో ఇప్పుడు ఊహించడం కష్టం. అంతకన్నా పెద్ద అలజడి 1881 డిసెంబరు 11న పంతులుగారింట్లో జరిగిన మొదటి వితంతు వివాహం. ఊరు వెలివేసింది. వంటమనిషి మానేసింది. నీళ్ళు తెచ్చేవాడు మానేశాడు. అప్పుడు రాజ్యలక్ష్మమ్మగారు స్వయంగా గోదావరికి వెళ్ళి నీళ్ళు మోసుకొచ్చి, ఇంట్లో వున్న అందరికీ తానే వండి వడ్డించారు. పంతులుగారి ఉపన్యాసాలు పుస్తకాల్లో వున్నాయి. ఆవిడ మోసిన బిందెలు ఏ పుస్తకంలో కొలవాలి? ఆ ఒక్క నెల ఆవిడ "నా వల్ల కాదు" అని కూర్చుంటే ఆ పెళ్ళి, ఆ పై పెళ్ళిళ్ళు ఏమయ్యేవో! ఆ ఇంటి గది గదికీ తిరిగేటప్పుడు వంటిల్లు ఏ వైపు వుండేదో, గోదావరి గట్టు ఎంత దూరమో అడిగి తెలుసుకోండి. ఆ దూరం మీ కాళ్ళతో ఒకసారి నడవండి. చరిత్ర అప్పుడు బాగా అర్థమవుతుంది.

రెండో రోజు కోనసీమ వైపు. రావులపాలెం మీదుగా పి.గన్నవరం వస్తే వైనతేయ పాయ మీద పాత అక్విడెక్టు కనిపిస్తుంది. నది మీదుగా కాలవను దాటించే వంతెన అది. నలభై తొమ్మిది కమానులు, ఒక్కొక్కటి నలభై అడుగుల వెడల్పు. ఆనకట్ట నీటిని అవతల నగరం లంకకు అందించడానికి కాటన్ కింద పనిచేసిన హేగ్ అనే యువ ఇంజనీరు దీన్ని నాలుగు నెలల్లో కట్టించాడు. ఆ హేగ్ దొరే తరవాత భద్రాచలం ఎగువన దుమ్ముగూడెంలో కోయవారి మధ్య మిషన్ పెట్టించడానికి పూనుకున్నాడు. వంతెనా మందిరమూ రెండూ ఒకే చేతి మీదుగా లేచిన ఊళ్ళు ఇటువంటివి గోదావరి పొడుగునా వున్నాయి.

పాత అక్విడెక్టు పక్కనే ఇటీవలి కాలంలో కొత్తది వచ్చింది. దానికి పెట్టిన పేరు ఏ మంత్రిదీ కాదు, దొరదీ కాదు. డొక్కా సీతమ్మగారిది! 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం డొక్కా జోగన్నగారి ఇంటి కోడలైన ఈ తల్లి, 1909లో కన్నుమూసే దాకా ఆకలన్నవాడిని అన్నం పెట్టకుండా పంపలేదు. పడవలు తప్ప వేరే దారి లేని లంక గ్రామం. వరదలొస్తే రోజుల తరబడి ప్రయాణాలు ఆగిపోయేవి. అర్ధరాత్రి పడవ దిగినవాడు కూడా "సీతమ్మగారిల్లెక్కడ?" అని అడిగి వచ్చేవాడు. కులం అడగలేదు, వేళ చూడలేదు. 1903లో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక సందర్భంలో ఆవిడ ఫోటో కావాలని ఇంగ్లండు నుంచి కబురొస్తే, "నాకెందుకు ఫోటో" అని ఒప్పుకోలేదనీ, తీయించకపోతే అధికారుల ఉద్యోగాలకు ముప్పొస్తుందని బతిమాలితే అప్పుడు కూర్చున్నారనీ చెప్పుకుంటారు. 2024లో మన రాష్ట్రం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరే పెట్టింది.

కోటలకు వెళ్ళినప్పుడు మనం గుమ్మాల ఎత్తు చూసి ఆశ్చర్యపోతాం. ఒక రైతు ఇంటి గుమ్మం రాత్రీ పగలూ తెరిచి వుండటం అంతకన్నా గొప్ప సంగతి. అయితే ఒక మాట మరిచిపోకూడదు. దానం చేసిన చేతుల వెనక దంచిన చేతులూ, విసిరిన చేతులూ, అంట్లు తోమిన చేతులూ ఎన్నో వుండే వుంటాయి. ఆనకట్ట కాలవలు లేకపోతే ఆ లంకలో అంత ధాన్యమూ వుండేది కాదు. ఒక దొడ్డ మనసుకు వెనక ఎంత నీరూ, ఎంత శ్రమా పడ్డాయో చూడండి.

అక్కణ్ణించి రాజోలు మీదుగా చించినాడ వంతెన దాటితే పాలకొల్లు, ఆ పైన నరసాపురం. పాలకొల్లులో 17వ శతాబ్దంలోనే డచ్చివారు బట్టల వ్యాపారం కోసం ఫ్యాక్టరీ పెట్టారు. ఫ్యాక్టరీ అంటే ఇప్పటి మిల్లు కాదు. గిడ్డంగీ, కొట్టూ, దొరల నివాసమూ కలిసిన ఆవరణ. నరసాపురం పక్కన మాధవాయపాలెంలో ఇంగ్లీషువారు పెట్టారు. ఆ పాలెం పేరే వాళ్ళ నోట 'మడపోలం' అయి, ఒక రకం నేత బట్టకు ప్రపంచమంతటా పేరైపోయింది. మన నేతగాళ్ళ ఊరి పేరు ఇంగ్లండు దుకాణాల్లో బట్ట పేరుగా చలామణి అయిందంటే మనం గర్వపడాలి. తరవాత ఆ ఇంగ్లండు మిల్లు బట్టే వచ్చి మన మగ్గాల్ని మూయించిందంటే విచారించాలి.

1836లో ఇంగ్లండులోని డెవన్ జిల్లా నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు తమ భార్యలతో ఓడెక్కి వచ్చి, కొంతకాలానికి ఈ పాలకొల్లు నరసాపురాల్లో స్థిరపడ్డారు. వాళ్ళు దొరల బిడ్డలు కారు. ఒకాయనది రాతి పని, ఇంకొకాయనది చెప్పులు కుట్టే పని. గోదావరి డెల్టా మిషన్ అనే పేరుతో వాళ్ళు మొదలుపెట్టిన పని ఆనకట్ట కూలీల మధ్య కూడా సాగింది. కాటన్ వాళ్ళకు అండగా వుండేవాడు. వీళ్ళ శాఖవారి మందిరాలు చూస్తే, మొదట బడి అనుకుంటారు. పొడుగాటి హాలు, పెంకుల కప్పు, పెద్ద కిటికీలు, బల్లలు. ప్రతిమలు లేవు, పటాలు లేవు, రంగుటద్దాలు లేవు. ప్రత్యేకంగా పురోహితుడంటూ కూడా వుండడు. ఏ గడపా దాటనివ్వని మనుషులు మొదటిసారిగా ఒక కప్పు కింద, ఒక బల్ల మీద కూర్చున్నది ఇటువంటి చోట్లే. అక్కడ కూడా కులం పూర్తిగా బయటే ఆగిపోయిందని చెప్పలేం. కానీ అక్షరం మాత్రం లోపలికి వచ్చింది. ఆడపిల్లలకు కూడా వచ్చింది.

ఆ మందిరాల వాకిట్లోంచే మరొకటి కూడా వచ్చింది. అది నరసాపురం లేసు. 1844 ప్రాంతంలో మిషన్ ఆడవాళ్ళు ఇక్కడి పేద స్త్రీలకు సూదితో దారం అల్లడం నేర్పారు. అది చర్చి ఆవరణ దాటి పల్లెలకు పాకింది. పొలం పనికి వెళ్ళడం పరువు తక్కువ అనుకునే కుటుంబాల స్త్రీలు, గుమ్మం దాటలేనివాళ్ళు, ఇంట్లో కూర్చునే నాలుగు డబ్బులు చేసుకోవచ్చని దీన్ని పట్టుకున్నారు. ఆ తోరణాలూ, టేబిలు గుడ్డలూ ఓడలెక్కి విదేశాలకు వెళ్ళాయి. నరసాపురం చుట్టుపక్కల మేడలు కొన్ని ఆ లేసు డబ్బుతోనే లేచాయి. కాని ఆ మేడలు అల్లినవాళ్ళవి కావు, ఎగుమతి చేసినవాళ్ళవి.

జర్మనీకి చెందిన మరియా మీస్ అనే ఆవిడ ఇక్కడికి వచ్చి, ఈ స్త్రీల మధ్య తిరిగి, 1982లో ఒక పుస్తకం రాసింది. లక్షమందికి పైగా స్త్రీలు లేసు అల్లుతున్నారనీ, ఇంటిపనంతా చేసుకుని ఆ పైన రోజుకు ఆరేసి ఎనిమిదేసి గంటలు అల్లుతున్నారనీ, అయినా వాళ్ళకు ముట్టేది చాలా కొద్దిపాటి కూలి అనీ చెప్పింది. అంతకన్నా మనకు గుచ్చుకునే సంగతి ఇంకోటి. వాళ్ళను అందరూ, చివరికి తమకు తామే, పని చేసేవాళ్ళుగా లెక్కవేసుకోలేదు. "ఇంట్లో ఊరికే కూర్చుని అల్లుకుంటున్నారు" అనేవారట. ఊరికే కూర్చుని! మనం కూడా ఎన్నిసార్లు వినలేదు ఈ మాట? 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు ముద్ర వచ్చింది. సంతోషం. మీరు అక్కడ ఒక లేసు గుడ్డ కొనేటప్పుడు, ఊరికే బేరం ఆడకుండా, ఇది అల్లడానికి ఎన్ని రోజులు పట్టిందని అడగండి. చేతనైతే అల్లిన ఆవిడ చేతికే డబ్బు ఇవ్వండి.

మూడో రోజు తిరుగు ప్రయాణం. రాజోలు, అమలాపురం మీదుగా వచ్చి, యెదుర్లంక దగ్గర వంతెన దాటితే యానాం. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో వున్న ఊరు. ఇక్కడి కాథలిక్కు చర్చి 1846లో పూర్తయింది. సామాను చాలావరకు ఫ్రాన్సు నుంచి ఓడలో తెప్పించారంటారు. నిన్న చూసిన నరసాపురం మందిరానికీ దీనికీ పోలికే లేదు. ఇక్కడ బలిపీఠం, ప్రతిమలు, కొవ్వొత్తులు, ఎత్తయిన కప్పు. క్రైస్తవం అంటే అంతా ఒకటే అనుకునే మనకు, ఒక్క రోజు ప్రయాణంలోనే ఇంత తేడా కనిపించడం మంచి పాఠం.

యానాంలో మరో చరిత్ర వుంది. అది ఏ కట్టడం మీదా రాసి లేదు. 1929లో శారదా చట్టం వచ్చింది. పద్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకు పెళ్ళి చేయడం నేరమైంది. 1930 ఏప్రిల్ నుంచి అమలు. కాని ఆ చట్టం ఇంగ్లీషువారి సీమలోనే గాని ఫ్రెంచి యానాంలో చెల్లదు! ఇంకేం, చుట్టుపక్కల జిల్లాలవాళ్ళు పసిపిల్లల్ని పట్టుబట్టలతో పడవలెక్కించి యానాం తీసుకొచ్చి మూడు ముళ్ళూ వేయించేవారు. ఊరికి 'కల్యాణపురం' అని పేరు కూడా పడింది. ఎంత చక్కటి పేరు, దాని వెనక ఎంత చేదు సంగతి! మన అమ్మమ్మల తరంలో "నా పెళ్ళి యానాంలో జరిగింది" అన్నవాళ్ళుంటే, వాళ్ళు ఏ వయసులో ఆ పడవ ఎక్కారో మీకిప్పుడు తెలుస్తుంది. చట్టం చేసినంత మాత్రాన చాలదు, దాన్ని తప్పించుకునే రేవు కూడా మూయాలి.

యానాం నుంచి ద్రాక్షారామం, రామచంద్రపురం మీదుగా కడియం చేరవచ్చు. రామచంద్రపురంలో రాజావారి కోట వుంది. వీలయితే పెద్దాపురం వైపు కూడా మరోసారి వెళ్ళి, వత్సవాయి వంశపు మహారాణులు కట్టించిన సత్రాలు చూడండి. రాజులు కోటలు కట్టించుకుంటే, రాణులు బాటసారులకు సత్రాలు కట్టించారు. ఆ తేడా గమనించదగ్గది.

చివరగా అసలు సంగతి. ఈ ఇళ్ళు ఎందుకు పోతున్నాయి? 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. కోటకు సున్నం వేయించే రాబడి పోయింది. 1973లో భూపరిమితి చట్టం వచ్చింది. పెద్ద కమతాలు తగ్గాయి. ఈ రెండూ న్యాయమైన చట్టాలే, వాటి గురించి కన్నీళ్ళు పెట్టుకోనక్కర లేదు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు మండువాకు అడ్డంగా గోడ లేచింది. మండువా మూసుకుంటే గాలి ఆగుతుంది, నీరు నిలుస్తుంది, దూలానికి చెద పడుతుంది. కొడుకులు ఉద్యోగాలకు వెళ్ళిపోయారు. ఆఖరికి ఒక మేస్త్రీ వచ్చి గుమ్మాలూ స్తంభాలూ టోకున కొనుక్కుపోతాడు. అవి నగరాల్లో హోటళ్ళ ముందు నిలబడతాయి. అట్లాగే పాత మందిరాలు కూడా జనం పెరిగి, చోటు చాలక, కూలగొట్టి కాంక్రీటు కట్టుకుంటున్నారు. అవసరం వాళ్ళది. మనం బయటినుంచి తప్పు పట్టడం ధర్మం కాదు.

ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. ఆ లోగిళ్ళలో పుట్టిన ఆడపిల్లకు ఆ ఇంట్లో వాటా లేని రోజులు ఎంతకాలమో నడిచాయి. 1985లో మన రాష్ట్రం చట్టం సవరించి, అప్పటికి పెళ్ళి కాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. 2005లో అది దేశమంతటికీ వచ్చింది. ఇళ్ళు శిథిలమయ్యే వేళకు మనకు హక్కు వచ్చిందని ఒకరు వేళాకోళమాడారు. వేళాకోళం కాదు, నిజమే. హక్కు వచ్చింది గనుక ఆ ఇంటి భవిష్యత్తు తేల్చే మాటలో మన గొంతు కూడా వుండాలి. ఇల్లు అమ్మాలా, వుంచాలా అన్నప్పుడు ఆడపిల్లలు సంతకానికి మాత్రమే రాకుండా, ఆలోచనకు కూడా రావాలి. ఒక్క మండువా అయినా పంచుకోకుండా ఉమ్మడిగా వుంచి, బడికో, గ్రంథాలయానికో, కుట్టుపని కేంద్రానికో ఇవ్వవచ్చునేమో చూడండి.

అది వీలు కాకపోయినా చేయగలిగింది మరొకటి వుంది. ఇంటి యజమానులను మర్యాదగా అడిగి, చెప్పులు బయట వదిలి లోపలికి వెళ్ళండి. మందిరానికి వెళితే ప్రార్థన వేళ కాకుండా చూసుకోండి, తల మీద కొంగు వేసుకోమంటే వేసుకోండి. ఫోటోలు ఎలాగూ తీస్తారు. వాటితో పాటు ఒక నోటుబుక్కు తీసుకెళ్ళండి. ఏ గది ఎవరిది, నూతిలో నీరు ఎవరు తోడేవారు, ఏ గుమ్మం ఎవరికి మూసి వుండేది, పురుళ్ళు ఎక్కడ పోసేవారు, ఎవరు ఏ వయసులో కోడలిగా వచ్చారు అని అక్కడి పెద్ద ముత్తయిదువులనూ, పనిచేసిన పెద్దమ్మలనూ ఇద్దరినీ అడిగి రాసుకోండి. ధవళేశ్వరం దొరగారి కథను కూతురు రాసి పెట్టింది కదా. రాయి మోసిన ఆవిడ కథా, బిందె మోసిన ఆవిడ కథా, లేసు అల్లిన ఆవిడ కథా రాసేవాళ్ళు ఇంకా తక్కువే. టేకు స్తంభానికి చెద పట్టినా ఆనవాళ్ళు మిగులుతాయి. మామ్మగారి జ్ఞాపకానికి ఆ వెసులుబాటు లేదు. ఈ సెలవుల్లోనే బయలుదేరండి.